రెండు చదరపు మిల్లీమీటర్లు

షిన్‌చూలో తొమ్మిదో నెల గాలి మొదలైంది.
ల్యాబు కిటికీ రబ్బరు అంచు సన్నగా ఈల వేస్తోంది.
ఫాన్ క్వేమెయ్ వాళ్ళ ఊరి నుంచి తెచ్చిన
ఎండు పెర్సిమన్ పళ్ళ డబ్బాని
ఆసిలోస్కోపు మీద పెట్టింది,
ఏమీ పెట్టొద్దని కాగితం అంటించిన చోటే.

బల్ల మీద కార్డు. కార్డు మధ్యలో మా చిప్పు.
దాంట్లో ఎవరి వాటా ఎంతన్నది
మూడేళ్ళ కిందట ఇదే గదిలో
అన్నదమ్ముల పంపకంలా తెగింది.

తీగ మీద ఆరున్నర నానోసెకన్లకో ప్యాకెట్.
ఆ లోపు వెలుతురైనా ఈ బల్ల పొడవు దాటలేదు.
ఒక్కోదానికీ ప్రాసెసర్‌ని తట్టి లేపితే
తలుపు తీయడమే దాని ఉద్యోగం అయిపోతుంది.
కనుక కొంత బరువు దించాలి.
అంతవరకూ అందరిదీ ఒకటే మాట.
ఎంత, అన్న దగ్గర
టీ చల్లారిపోయింది.

చెక్‌సమ్ లెక్క? కార్డుకే ఇద్దాం.
ఉత్త కూడికే, దానికి కోపతాపాలుండవు.
పెద్ద సందేశాన్ని ముక్కలు కోయడం? సరే, అదీ.
మరి మొత్తం కనెక్షన్?
ఏది పంపాం, ఏది అందలేదు,
ఎప్పుడు తగ్గాలి, ఎప్పుడు మళ్ళీ పరుగందుకోవాలి,
ఆ కాపురం మొత్తం?

"అదీ ఇటే," అన్నాడు వెంగ్ తింగ్‌యావ్.
"గేట్లలో పోతపోస్తాను.
మీ సాఫ్ట్‌వేర్ ఊపిరి పీల్చేలోగా
నాది జవాబు రాసి పంపేస్తుంది."
గొప్పలు కావవి. సిమ్యులేషన్‌లో చూశాం,
చూసి లేచి నిలబడ్డాం కూడా.

క్వేమెయ్ మాత్రం కూర్చునే అడిగింది:
"నువ్వు చెక్కేది శిలాశాసనం. రేపు రాజు మారితే?"
తనకి కావలసింది రెండు చదరపు మిల్లీమీటర్లట.
ఒక చిన్న కోరు, కాస్త మెమరీ.
వేగం తక్కువే, వేడి ఎక్కువే,
కానీ ఏ ఎండకా గొడుగు పట్టగలది.

మేనేజర్ ల్యావ్ కాల్క్యులేటర్ తీశాడు.
వేఫర్‌కి ఎన్ని చిప్పులు తగ్గుతాయో
తెర మా వైపు తిప్పి చూపించాడు.
ఆ అంకె తర్వాత ఎవరూ మాట్లాడలేదు.
నేనూ మాట్లాడలేదు. డ్రైవర్ రాసేవాణ్ణి,
పంపకాలయ్యాక వచ్చే కరణాన్ని.

మొన్న కొనుక్కున్నవాళ్ళు
రద్దీలో నడిచే పద్ధతి మార్చుకున్నారు.
వాళ్ళ తప్పేం లేదు, కొత్తది మంచిదే.
మా గేట్లు పాత మర్యాదతో
దారి ఇస్తూ, ఇస్తూ, అక్కడే నిలబడిపోయాయి.
పైగా కనెక్షన్లు అరవై వేలు దాటాయి.
చిప్పులో చోటు చాలనివాటి వివరాల కోసం
సర్వర్ మెమరీ దాకా వెళ్ళి రావాలి.
ఒక రాకపోకకి వెయ్యి నానోసెకన్లు.
ఆ లోగా నూటయాభై ప్యాకెట్లు
గుమ్మంలో పేరుకున్నాయి.

మందు ఒక్క లైను. ఒకటి చెరిపి సున్నా.
నా వేళ్ళు దాని మీదే ఆగి ఉంటే
వెంగ్ వచ్చి, "లే," అన్నాడు.
మూడేళ్ళ పనిని
తనే కొట్టాడు ఆ సున్నా,
అక్షరం తప్పు పోకుండా
రెండుసార్లు చదివి మరీ.

గ్రాఫ్ సర్దుకుంది. అటు సర్వర్‌లో
నాలుగు కోర్లు చెమటపట్టడం మొదలుపెట్టాయి.
థర్మల్ కెమెరాలో మా చిప్పు పసుపు,
ఒక మూల మాత్రం నీలం.
పని లేకున్నా ఆ మూల
బొట్టు బొట్టుగా కరెంటు తాగుతూనే ఉంది.
అంత అందంగా అల్లిన మూల
మా చిప్పులో ఇంకోటి లేదు.

క్వేమెయ్ డబ్బా మూత తీసింది.
గాలి ఆరబెడుతుందిగానీ,
రోజూ ఒక్కో పండునీ వేళ్ళతో నొక్కాల్సిందేనట
వాళ్ళ పిన్ని.
ఎవరూ ఏమీ అనలేదు. పళ్ళు తిన్నాం.

చేతికంటిన తెల్లపిండి ప్యాంటుకి తుడుచుకుని
వెంగ్ అడిగాడు:
"తర్వాతి చిప్పుకి ఎంత అడుగుతున్నావ్?"
"రెండే."
"నాలుగడుగు," అన్నాడు.
"ల్యావ్ రెండిస్తాడు."